ఇంజంక్షన్ వచ్చింది, డిపాజిట్‌కి డబ్బు లేదు

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది ఆకివీడు దగ్గర. చాలా ఏళ్ళుగా రొయ్యల మేత డీలరుగా ఉన్నాను. ఏజెన్సీ తీసుకున్నప్పుడు కంపెనీకి 25 లక్షలకు బ్యాంకు గ్యారంటీ ఇచ్చాను. దానికోసం బ్యాంకులో 10 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, ఇంటి కాగితాలు పెట్టాను. ఇప్పుడు కంపెనీ నేను 47 లక్షలు బాకీ అంటోంది. స్కీము డిస్కౌంట్లు, ఏడాది చివర ఇస్తామన్న ఇన్సెంటివ్, తడిసిపోయి వెనక్కి పంపిన బస్తాలు, అన్నీ కలిపి 28 లక్షలు నా ఖాతాలో జమ వేయలేదు. ఆ సంగతి తేలకముందే గ్యారంటీ డబ్బు ఇచ్చేయమని బ్యాంకుకి లెటరు పెట్టారు. బ్యాంకు ఆ డబ్బు ఇవ్వకుండా మా లాయరు దావా వేసి ఇంజంక్షన్ తెచ్చారు. కోర్టు మూడు షరతులు పెట్టింది. నాలుగు వారాల్లో 15 లక్షలు కోర్టులో కట్టాలి, కట్టకపోతే ఆర్డర్ దానంతటదే రద్దవుతుంది. గ్యారంటీని దావా తేలేదాకా రెన్యువల్ చేయిస్తూ ఉండాలి. షెడ్యూల్లో రాసిన గోడౌను, స్థలం అన్యాక్రాంతం చేయకూడదు.

నా డబ్బంతా చెరువుల మీద అరువు. వైట్ స్పాట్ వైరస్ వచ్చి కొన్ని చెరువులు మధ్యలోనే పట్టేశారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అయితే 15 లక్షలు దొరుకుతాయి. తెచ్చి కట్టమంటారా? కడితే బాకీ ఒప్పుకున్నట్టే అని మా బావమరిది అంటున్నాడు. కట్టకపోయినా ఆర్డర్ ఆర్డరే, ఎక్కడికీ పోదంటున్నాడు. ఇంకో రెండు సంగతులు. కిందటి మార్చిలో కంపెనీ మనిషి వచ్చి బాకీ కాగితం మీద సంతకం పెట్టమంటే అంకె చూడకుండా పెట్టేశాను. అది మా లాయరుకి చెప్పలేదు. మాఘంలో అమ్మాయి పెళ్ళి. గోడౌను పక్క 12 సెంట్లు పసుపు కుంకుమ కింద రాసిద్దామనుకున్నాం, రాయొచ్చా? కంపెనీ దగ్గర నేను సంతకం చేసిన ఖాళీ చెక్కులు నాలుగున్నాయి. వాటికి కూడా ఈ ఇంజంక్షన్ పనిచేస్తుందా?

— ఓ మేత డీలరు

జవాబు: "ఇంకో రెండు సంగతులు" అంటూ మీరు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను. మార్చిలో సంతకం పెట్టిన ఆ కాగితం గురించి ఇవాళే మీ లాయరుకి ఫోన్ చేసి చెప్పండి. తిడతారు, పడండి.

ఎందుకంటే, మీరు రాసిన దాన్నిబట్టి మీకొచ్చింది ఎక్స్‌పార్టీ ఆర్డర్. అంటే కంపెనీ మాట వినకుండా, మీ అఫిడవిట్ ఒక్కటే చదివి జడ్జి గారు ఇచ్చింది. అలా ఆర్డర్ తీసుకునేవాళ్ళు తమకు పనికొచ్చేవే కాకుండా, తమకు అడ్డం తిరిగేవీ కోర్టు ముందు పెట్టాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 39వ ఆర్డరు, 4వ రూలు ఈ విషయంలో చాలా గట్టిగా ఉంటుంది. ముఖ్యమైన సంగతిలో తెలిసి కూడా అబద్ధమో, తప్పుదోవ పట్టించే మాటో చెప్పి, అవతలివాళ్ళకు నోటీసు లేకుండా ఇంజంక్షన్ తెచ్చుకుంటే, కోర్టు దాన్ని తీసేయాలి. తీసేయకపోతే, ఎందుకు తీసేయడం లేదో జడ్జి గారే కారణాలు రాయాలి. చేతిలో ఉన్న పత్రం దాచిపెట్టి తెచ్చుకున్న డిక్రీ, మోసం చేసి తెచ్చుకున్నదేనని చెంగల్వరాయ నాయుడు కేసులో 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటికీ ఆర్డర్ రద్దు చేయమని వేసే ప్రతి వెకేట్ పిటిషన్‌లోనూ ఆ తీర్పు కనపడుతుంది. మీ కేసులోనూ కనపడుతుంది.

కంపెనీ లాయరు వేసే మొదటి కాగితం అదేనని రాసిపెట్టుకోండి. "మార్చి 31 నాటికి మా ఖాతాలో నిల్వ ఇంత, సరిచూసుకున్నాము" అని ఉంటుంది, కింద మీ షాపు స్టాంపు, మీ సంతకం. మీ దావాలోనేమో 28 లక్షలు జమ వేయలేదని ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివాక జడ్జి గారి ముఖం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. అదే మీరే ముందుగా అదనపు అఫిడవిట్ వేసి, ఈ కాగితం మీద సంతకం పెట్టాను, ఆ రోజు ఖాతా నా ముందు పెట్టలేదు, ఫలానా ఫలానా క్రెడిట్ నోట్లు (ఖాతాలో జమ చూపే కాగితాలు) అప్పటికే రావలసి ఉంది, ఇవిగో ఆధారాలు అని చెప్పుకుంటే అది వేరు. అలాంటి సంతకం పెట్టినంత మాత్రాన ఖాతాలో తప్పు ఉందని చూపించే హక్కు పోదు. కాకపోతే చూపించే భారం మీ నెత్తిన పడుతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. గడువు తీరకముందు పెట్టిన సంతకం కాబట్టి, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ బాకీకి మూడేళ్ళ గడువు సంతకం పెట్టిన రోజు నుంచి మళ్ళీ మొదలవుతుంది.

ఇక మీ బావమరిది గారు చెప్పిన రెండు మాటలు. రెండూ తప్పే.

కోర్టు ఆర్డర్ ప్రకారం డిపాజిట్ కట్టడం బాకీ ఒప్పుకోవడం కిందకు రాదు. కట్టేటప్పుడు "నా హక్కులకు, వాదనలకు భంగం లేకుండా" కడుతున్నానని ఒక మెమో వేయించండి, చాలు. అయితే ఆర్డర్ కాపీ తీసి ఒక ముక్క జాగ్రత్తగా చదవండి: డబ్బు దావా ఖాతాలో కోర్టులో కట్టమన్నారా, లేక కంపెనీకి ఇవ్వమన్నారా? మీరు రాసిన దాన్నిబట్టి కోర్టులోనే. అలాగైతే దావా తేలేదాకా ఆ డబ్బు మీదీ కాదు, కంపెనీదీ కాదు. ఊరికే పడి ఉండకుండా, జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేయమని కట్టిన రోజే చిన్న పిటిషన్ పెట్టించండి. చాలామంది ఈ పని మర్చిపోయి నాలుగైదేళ్ళ వడ్డీ పోగొట్టుకుంటారు. మధ్యలో కంపెనీ ఆ డబ్బు తీసుకుంటామని అడగవచ్చు. అప్పుడు తగిన జామీను పెట్టించకుండా ఇవ్వొద్దని అభ్యంతరం చెప్పండి.

ఇక ఆర్డర్ ఎక్కడికీ పోదన్న మాట ఎక్కడిదో ఊహించగలను. స్టే ఏదైనా ఆరు నెలలు దాటితే దానంతటదే పోతుందని 2018లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో అయిదుగురు జడ్జీల బెంచి ఆ మాట చెల్లదంది. "ఇక స్టేలు ఆటోమేటిక్‌గా పోవు" అని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. అది వట్టినే కాలం గడిచిపోయిన స్టేల సంగతి. మీ ఆర్డర్‌లో షరతు తప్పితే రద్దు అని దాని మాటల్లోనే ఉంది. ఇరవై ఎనిమిదో రోజు సాయంత్రానికి డిపాజిట్ పడకపోతే, ఇరవై తొమ్మిదో రోజు కంపెనీ మనిషి బ్యాంకు మేనేజరు ముందు కూర్చుంటాడు. మేనేజరు మళ్ళీ కోర్టుని అడగక్కర్లేదు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. దీనిమీద కాస్త నిదానంగా కూర్చోవాలి.

కంపెనీ అడిగేది 47 లక్షలు. మీరు కాదనేది 28 లక్షలు. అంటే 19 లక్షలు మీరే ఒప్పుకుంటున్నారు. కోర్టు 15 లక్షలు కట్టమన్న అంకె ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు? మీ దావాలోంచే. "వివాదం ఉన్నదాని సంగతి తర్వాత చూద్దాం, ఒప్పుకున్నదాంట్లో కొంతయినా బయట పెట్టు" అని జడ్జి గారు చెప్పకనే చెప్పారు. ఇంజంక్షన్ ఇచ్చేటప్పుడు జామీను, లెక్కలు, గడువు లాంటి షరతులు పెట్టే అధికారం 39వ ఆర్డరు 2వ రూలులోనే ఉంది. షరతు చూసి కోర్టు మిమ్మల్ని నమ్మలేదని బాధపడకండి.

గ్యారంటీ 25 లక్షలు. మీరు ఒప్పుకున్న బాకీ 19. రేపు ఇంజంక్షన్ పోయి బ్యాంకు 25 లక్షలూ కంపెనీకి ఇచ్చేసిందనుకోండి. అందులో 19 మీరు ఎలాగూ ఇవ్వాల్సినవే. మీ మాటే రేపు కోర్టులో గెలిచినా కంపెనీ దగ్గర ఎక్కువగా ఇరుక్కునేది 6 లక్షలు. మీరింత టెన్షన్ పడుతున్న ఈ ఆర్డర్ నిజంగా కాపాడుతున్నది ఆ 6 లక్షలనే. బాకీ మీద వడ్డీ ఎంతనేది మీ ఏజెన్సీ ఒప్పందంలో చూసుకోవాలి, దానివల్ల ఈ అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది, అంతే.

ఆ 6 లక్షల కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి 15 లక్షలు తెస్తే నెలకు 45 వేలు. ఏడాదికి 5 లక్షల 40 వేలు. దావా ఏడాదిలో తేలదని నాకన్నా మీకే బాగా తెలుసు. అదే గ్యారంటీ పోతే ఏమవుతుంది? బ్యాంకు మీ 10 లక్షల డిపాజిట్ సర్దుకుంటుంది. మిగతా 15 లక్షలు మీ పేర అప్పుగా నిలబడుతుంది. బ్యాంకు 12 శాతం వేసిందనుకున్నా ఏడాదికి లక్షా 80 వేలు. ఎటు చూసినా మీరు 15 లక్షలకు అప్పుపడుతున్నారు. ఒకటి మూడు రూపాయల వడ్డీ, ఇంకోటి రూపాయి వడ్డీ.

బ్యాంకు అప్పులో ప్రమాదం లేదనడం లేదు. అది వెంటనే తీర్చకపోతే, తొంభై రోజులు దాటాక ఖాతా ఎన్‌పీఏలోకి, అంటే మొండి బాకీల్లోకి పోతుంది. ఇంటి కాగితాలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. కోర్టుకి వెళ్ళకుండానే తాకట్టు ఆస్తి మీదకు బ్యాంకు వచ్చే సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు వస్తుంది. అక్కడినుంచి మీ దారి స్థానిక సివిల్ కోర్టుకి కాదు, విశాఖపట్నంలో ఉన్న డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల ట్రైబ్యునల్‌కి. సర్ఫేసీ వ్యవహారంలో సివిల్ కోర్టు ఇంజంక్షన్ ఇవ్వకూడదని ఆ చట్టం 34వ సెక్షనే అడ్డుపడుతుంది. అందుకని గ్యారంటీ పోయే పరిస్థితే వస్తే ఆ 15 లక్షలకు వాయిదాలు పెట్టమని బ్యాంకుతో ముందే మాట్లాడుకోవాలి, నోటీసు వచ్చేదాకా ఆగకూడదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి, మీకు నచ్చకపోవచ్చు. బ్యాంకు గ్యారంటీని ఆపే కేసులు గెలవడం బహు కష్టం. సరుకు అమ్మినవాడికీ కొన్నవాడికీ లెక్కల్లో తగాదా ఉందన్నది గ్యారంటీ ఆపడానికి కారణం కాదని సుప్రీంకోర్టు 1980ల నుంచీ ఒకే మాట మీద ఉంది. మొత్తం వ్యవహారాన్నే చెడగొట్టేంత ఘోరమైన మోసం జరిగి ఉండాలి, లేదా డబ్బు పోతే మళ్ళీ ఎప్పటికీ రాబట్టుకోలేని పరిస్థితి ఉండాలి. నడుస్తున్న కంపెనీ నుంచి 6 లక్షలు రేపు డిక్రీ తెచ్చుకుని వసూలు చేసుకోవచ్చు కాబట్టి, రెండోది మీకు దొరకదు. క్రెడిట్ నోట్లు వేయకపోవడాన్ని మొదటిదాని కిందకు తేవడం కష్టం. ముందు డబ్బు ఇవ్వు, తగాదా తర్వాత తేల్చుకో, గ్యారంటీ అంటే అంతే. కాబట్టి కంపెనీ కౌంటర్ వేసి గట్టిగా వాదిస్తే మీ ఆర్డర్ నిలుస్తుందని నేను పందెం కాయను.

ఒక్క చోట మాత్రం పట్టు దొరకొచ్చు. గ్యారంటీ పత్రంలో కంపెనీ ఎలా అడగాలో రాసి ఉంటుంది: ఏ ఆఫీసు నుంచి, ఏ తేదీలోగా, ఏ మాటలతో, బాకీ అంకె వేసి. కంపెనీ పెట్టిన లెటరు ఆ ప్రకారం ఉందో లేదో గ్యారంటీ పక్కన పెట్టుకుని పంక్తి పంక్తీ చూడండి. పత్రంలో చెప్పినట్టు అడగకపోతే ఆ అడగడం చెల్లదని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ లాయరు ఈపాటికి చూసే ఉంటారు, అయినా అడగండి.

మరి ఏం చేయాలంటారా? మూడు రూపాయల వడ్డీకి మాత్రం వద్దు. సొంత డబ్బు ఉంటే, లేదా చెరువుల్లో రొయ్యల పట్టుబడి డబ్బు గడువులోగా చేతికొస్తే, కట్టండి. అది లేకపోతే డబ్బుకి బదులు ఆస్తి జామీను తీసుకోమని షరతు మార్పించే పిటిషన్ ఈ వారంలోనే వేయించండి. పైన చెప్పిన 39వ ఆర్డరు 4వ రూలు కిందే వేయొచ్చు. దీనికి మీ చేతిలో మంచి ఆస్తి ఉంది. అమ్మాయికి రాద్దామనుకుంటున్న ఆ 12 సెంట్లే. దాని దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మార్కెట్ విలువ సర్టిఫికెట్, ఎక్కడా తాకట్టులో లేదని మీ అఫిడవిట్, ఇవన్నీ పిటిషన్‌తోపాటే పెట్టాలి. ఉత్త పిటిషన్ వేసి కాగితాలు తర్వాత తెస్తామంటే వాయిదా పడుతుంది, మీ గడువు వాయిదాతో ఆగదు. ఈసీ తీసే పని మీ గుమస్తాకి రేపే చెప్పండి.

జామీనుకు ఒప్పుకోకపోతే గడువు పొడిగించమని అడగాలి. కోర్టు తాను పెట్టిన గడువుని సివిల్ ప్రొసీజర్ కోడ్ 148వ సెక్షన్ కింద పొడిగించగలదు, మొత్తం మీద 30 రోజుల దాకా. గడువు దాటిపోయాక అడిగినా కోర్టుకి ఆ అధికారం ఉందని 1961లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది చదివి ధైర్యం తెచ్చుకుని కూర్చోకండి. గడువుకీ పొడిగింపుకీ మధ్య ఒక్క పనిదినం ఖాళీ దొరికితే చాలు, బ్యాంకు డబ్బు ఇచ్చేస్తుంది. ఇచ్చేశాక పొడిగింపు తెచ్చుకుని ఏం చేసుకుంటారు? గడువుకి కనీసం వారం ముందు పిటిషన్ బెంచి మీద ఉండాలి.

ఆ పిటిషన్ ఎలా రాయించాలో కూడా చెప్తాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది పాడుచేసుకుంటారు. "ఆర్థిక ఇబ్బందుల వల్ల కట్టలేకపోయాను" అని ప్రతి పిటిషన్‌లోనూ ఉంటుంది, జడ్జీలకి అది చదివీ చదివీ విసుగొచ్చేసింది. మీ అరువు పుస్తకం తీయండి. ఏ రైతు ఎన్ని ఎకరాల చెరువు, పిల్ల వేసి ఎన్నాళ్ళయింది, ఇప్పుడు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత, పట్టుబడి ఎప్పుడు, మీకు రావలసింది ఎంత, ఇవి ఒక పేజీలో పట్టిక వేసి అఫిడవిట్‌కి జత చేయండి. వైట్ స్పాట్ వచ్చి ముందే పట్టేసిన చెరువుల వివరం వేరే రాయండి. అరువు నోట్ల నకళ్ళు పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, ఎంతో కొంత కట్టి అడగండి. 5 లక్షలు కట్టిన రసీదు జతచేసి మిగతా 10కి టైము అడిగినవాడి మాటకూ, ఒట్టి చేతులతో అడిగినవాడి మాటకూ చాలా తేడా ఉంటుంది. పనిలోపనిగా ఆ నోట్లలో మూడేళ్ళు దగ్గరపడుతున్నవి ఉంటే వడ్డీ జమ అయినా వేయించి వెనకాల రైతు చేత సంతకం పెట్టించుకోండి. కంపెనీతో గొడవలో పడి సొంత బాకీలు కాలదోషం పట్టించుకున్న డీలర్లను చూశాను.

కోర్టులో డబ్బు కట్టడమంటే బ్యాంకు కౌంటర్లో కట్టినట్టు ఉండదు. లాడ్జిమెంట్ షెడ్యూలు అనే ఫారం వేయాలి, ఆఫీసు చూసి చలానా ఇవ్వాలి, బ్యాంకులో కట్టాలి, రసీదు మళ్ళీ ఫైల్లో పడాలి. ఏదో ఒక కాలమ్ తప్పని వెనక్కి వస్తుంది. మూడు నాలుగు రోజులు చేతిలో ఉంచుకోండి. నాలుగు వారాలు ఆర్డర్ తేదీ నుంచా, కాపీ అందిన తేదీ నుంచా అన్నది కూడా ఆర్డర్‌లో చూడండి. ఏమీ రాయకపోతే ఆర్డర్ తేదీ నుంచే లెక్క వేసుకోండి.

రెండో షరతు చిన్నదిగా కనపడుతుంది గానీ మనుషులు జారిపడేది అక్కడే. గ్యారంటీ గడువు తేదీ ఎప్పుడో చూసి, నెల ముందే రెన్యువల్ దరఖాస్తు, కమిషన్ డబ్బు బ్యాంకులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కోర్టు ఆర్డర్ నీడలో కూర్చుని గ్యారంటీని చావనిచ్చాడని కంపెనీ అంటే మీకు జవాబుండదు.

అమ్మాయి స్థలం సంగతి. షెడ్యూల్లో సర్వే నంబరు, హద్దులు చూడండి. ఆ 12 సెంట్లు అందులో ఉంటే అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, గిఫ్ట్ డీడ్ కూడదు, అగ్రిమెంటు కూడదు. పసుపు కుంకుమ అయినా అన్యాక్రాంతమే. షరతు తప్పారని మొత్తం ఆర్డర్ పోతుంది, కోర్టుకి హామీ రాసిచ్చి ఉంటే ధిక్కరణ కూడా మెడకు చుట్టుకుంటుంది. షెడ్యూల్లో లేకపోతే చట్టప్రకారం ఇప్పుడు అడ్డు లేదు. అయినా వద్దంటాను. దావా నడుస్తుండగా కూతురి పేర రిజిస్ట్రేషన్ జరిగిందని తెలిసిన మర్నాడు కంపెనీ, ఆస్తులు తప్పించేస్తున్నాడంటూ తీర్పుకి ముందే జప్తు చేయమని 38వ ఆర్డరు 5వ రూలు కింద పిటిషన్ వేస్తుంది. మామూలుగా అలాంటి జప్తు తేలిగ్గా ఇవ్వకూడదు, బాకీకి జామీను రాబట్టుకునే సాధనంగా దాన్ని వాడకూడదని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మీరే వాళ్ళకి ఆధారం రాసి రిజిస్టర్ చేసి ఇచ్చినట్టవుతుంది. పైగా ఆ స్థలాన్నే జామీనుగా చూపించమని పైన చెప్పాను. వియ్యాలవారికి ఇది చెప్పుకోవడం కష్టమే, నాకు తెలుసు. ఇప్పుడే చెప్పండి. మాఘంలో పీటల మీద కూర్చోబెట్టాక చెప్పడం ఇంకా కష్టం.

ఖాళీ చెక్కులకు ఈ ఇంజంక్షన్ పనిచేయదు. ఒకరు క్రిమినల్ కేసు వేయకుండా సివిల్ కోర్టు ఆపకూడదని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 41వ సెక్షన్‌లోనే ఉంది. స్టాప్ పేమెంట్ పెట్టినా 138 (చెక్కు బౌన్సు) కేసు నుంచి తప్పించుకోలేరు. సంతకం మీదైతే అంకె వాళ్ళు వేసుకున్నా, బాకీ కోసమే ఇచ్చారని చట్టం మొదట అనుకుంటుంది, కాదని మీరు చూపాలి. అందుకని ఇప్పుడే స్పీడ్ పోస్టులో కంపెనీకి నోటీసు ఇప్పించండి: ఫలానా నంబర్ల చెక్కులు ఏజెన్సీ మొదట్లో జామీనుగా ఖాళీగా ఇచ్చాను, లెక్క వివాదంలో ఉంది, కోర్టులో దావా ఉంది, వాటిని వాడొద్దు అని. ఒకవేళ చెక్కు వేసి రిటర్న్ అయి మీకు నోటీసు వస్తే, పదిహేను రోజుల్లో జవాబు వెళ్ళాలి. ఆ రోజు ఉన్న నిజమైన బాకీ కన్నా ఎక్కువ అంకె వేసి చెక్కు వేశారని చూపించగలిగితే మీకు గట్టి వాదన దొరుకుతుంది. అది మళ్ళీ ఖాతా దగ్గరికే వస్తుంది.

ఖాతా విషయంలో మీరు 28 లక్షలు అని ఒకే అంకె రాశారు. కోర్టుకి అలా కుదరదు. ప్రతి స్కీముకీ సర్క్యులరో, సేల్స్ ఆఫీసరు వాట్సాప్ మెసేజో, ఏదో ఒకటి ఉంటుంది. ఫోన్ మార్చకండి. వాట్సాప్ ప్రింట్లు వట్టిగా వేస్తే చెల్లవు, కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. తడిసిన బస్తాలు ఏ లారీలో వెనక్కి వెళ్ళాయో వే బిల్లు, డ్రైవరు సంతకం వెతకండి. ఇన్సెంటివ్ మీద కంపెనీ టీడీఎస్ కోసి ఉంటే అది మీ పన్ను లెక్క చూపే 26ఏఎస్ స్టేట్‌మెంట్‌లో కనపడుతుంది. కనపడితే, ఇన్సెంటివ్ రావాలని కంపెనీయే ఆదాయపు పన్ను శాఖకు చెప్పినట్టు. మీ ఆడిటర్ని అడగండి, పది నిమిషాల పని.

ఒక సందేహం మిగిలింది. మీ దావా మామూలు కోర్టులో వేశారా, కమర్షియల్ కోర్టులోనా? వర్తకుల మధ్య 3 లక్షలకు పైబడిన వ్యాపార తగాదాలు కమర్షియల్ కోర్టుల చట్టం కిందకు వస్తాయి. అర్జెంటు ఆర్డర్ అవసరం లేకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్ళాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. బ్యాంకు రేపో మాపో డబ్బు ఇచ్చేసే పరిస్థితి కాబట్టి మీకు అర్జెంటు ఉందని చెప్పుకోవచ్చు. కోర్టు సరైనదేనా అన్నది మాత్రం మీ లాయరుతో నిర్ధారించుకోండి. కంపెనీ ఎత్తే మొదటి అభ్యంతరాల్లో అదొకటి.

చివరగా నా సలహా అడిగితే, ఈ ఆర్డర్ బతికి ఉన్న నాలుగు వారాలూ రాజీకి వాడుకోండి. ఇప్పుడు కంపెనీకి గ్యారంటీ డబ్బు అందడం లేదు, మీకు డిపాజిట్ టెన్షన్. ఇద్దరికీ మాట్లాడుకోవాల్సిన అవసరం ఉంది. ఆర్డర్ పోయాక వాళ్ళకి ఆ అవసరం ఉండదు. ఒప్పుకున్న 19 లక్షలకు వాయిదాలు రాసిచ్చి, 28 లక్షల మీద ఇద్దరి అకౌంటెంట్లూ కూర్చుని వోచర్ వారీగా చూసుకునేలా, అప్పటిదాకా గ్యారంటీ లెటరు వెనక్కి తీసుకునేలా ప్రతిపాదన పంపండి. ఫోన్లో వద్దు, లాయరు ద్వారా, "హక్కులకు భంగం లేకుండా" అని రాసి. ఏరియా మేనేజరు వచ్చి ఇంకో కాగితం మీద సంతకం పెట్టమంటే ఈసారి కాఫీ ఇచ్చి పంపించేయండి.

కుదిరితే ఆ రాజీని లోక్ అదాలత్‌లో అవార్డుగా రాయించుకోండి. దాని మీద అప్పీలు ఉండదు, మీరు కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. రాజీ కాగితంలో నాలుగు చెక్కుల నంబర్లు వేసి తిరిగి ఇచ్చినట్టు రాయించండి. చివరి వాయిదా కట్టిన రోజు అసలు గ్యారంటీ పత్రం, దాన్ని వదులుకున్నట్టు కంపెనీ లెటరు, రెండూ చేతిలో పెట్టాలని కూడా అందులోనే ఉండాలి. ఆ రెండూ బ్యాంకులో ఇస్తేనే మీ 10 లక్షల డిపాజిట్, ఇంటి కాగితాలు బయటికొస్తాయి.